మీ వైపు ఏమనుకుంటారు?

మీ పిల్లలు కష్టపడకుండా పేరు తెచ్చుకోవాలని ఉందా? అయితే నా మాట వినండి. వాళ్లను పరాయి దేశంలో, మ్యాపు మీద వేలు పెడితే వేలి కింద మాయమైపోయేంత చిన్న యూనివర్సిటీకి, లిబరల్ ఆర్ట్స్ చదవడానికి పంపండి.

పెద్ద యూనివర్సిటీలకు పంపి ఏం బావుకుంటారు? అక్కడ మన పిల్లలు పదివేల మందిలో ఒకరు. లైబ్రరీలో కుర్చీ దొరకడానికే సగం డిగ్రీ అయిపోతుంది. చిన్న చోట అలా కాదు. ఏ చెట్టూ లేని చోట ఆముదపు చెట్టే మహావృక్షమన్నారు. రెండేళ్లుగా ఆ ఆముదపు చెట్టును నేనే.

మా యూనివర్సిటీలో మొత్తం తొమ్మిది వందల మంది విద్యార్థులు. నేను చేరేనాటికి అందులో విదేశీయులం ఇద్దరం. రెండో ఆయన మొదటి చలికాలంలో తుమ్ములు మొదలుపెట్టి, తుమ్ముతూనే సామాను సర్దుకుని, తుమ్ముతూనే వెళ్లిపోయాడు. దాంతో ఈ భూగోళంలో మిగతా ప్రపంచమంతటికీ ప్రతినిధిని నేనొక్కదాన్నే అయ్యాను.

లిబరల్ ఆర్ట్స్ అంటే ఏమిటని బయల్దేరేముందు మా పిన్ని అడిగింది. తత్వశాస్త్రం ముఖ్యం, దాంతోపాటు చరిత్ర, సాహిత్యం, కాస్త లెక్కలు, అన్నీ కలిపి చదువుతామని చెప్పాను.

“అంటే ఏదీ పూర్తిగా చదవరన్నమాట” అంది పిన్ని.

ఇంతకన్నా స్పష్టమైన నిర్వచనం యూనివర్సిటీ వెబ్‌సైట్‌లో కూడా లేదు.

తత్వశాస్త్ర విభాగం ఎక్కడో అడక్కండి. హాస్టల్ బట్టలుతికే గదికి సరిగ్గా పైన. కింద మెషీన్లు తిరుగుతుంటే పైన మా బల్లలు వణికేవి. మొత్తం ముగ్గురం విద్యార్థులం. ఆసుపత్రిలో ముప్ఫై ఏళ్లు చేసి రిటైరయ్యాక చదువుకోవడానికి వచ్చిన నర్సమ్మ ఒకరు. టైమ్‌టేబుల్‌లో గది నంబరు తప్పు చూసి మా క్లాసుకొచ్చి, లేచి వెళ్లడానికి మొహమాటపడి, అలాగే ఉండిపోయిన ఫుట్‌బాల్ గోల్‌కీపర్ ఒకడు. మూడోదాన్ని నేను. పాఠం చెప్పేది అరవై దాటిన ఒకావిడ. ముప్ఫై ఒక్క ఏళ్లుగా అదే గది, అవే మెట్లు, అదే ఆకుపచ్చ పెన్సిలు. అందరూ ఆవిణ్ని లాజిక్ మేడమ్ అనేవారు.

ఆవిడ సంగతి తర్వాత చెబుతాను. ముందు నా వైభవం వినండి.

మా విభాగం తప్ప ఏ క్లాసుకు వెళ్లినా నాకు పుస్తకం తెరిచే శ్రమ ఉండేది కాదు. చరిత్ర క్లాసులో యుద్ధం గురించి చెప్పి, మాస్టారు నావైపు తిరిగేవారు. “మరి మీ వైపు యుద్ధం గురించి ఏమనుకుంటారు?” సాహిత్యం క్లాసులో విషాదం గురించి చెప్పి, అక్కడా అదే. “మీ వైపు విషాదం గురించి ఏమనుకుంటారు?” వాన గురించి, చావు గురించి, గాజు తయారీ గురించి కూడా మా వైపు ఏమనుకుంటారో నేను చెప్పాల్సి వచ్చింది.

మా వైపు వాళ్లు ఏమనుకుంటారో నాకెలా తెలుస్తుంది? మా వైపు కోట్ల మంది ఉన్నారు. మా ఇంట్లో ఉన్న నలుగురమే ఫ్యాను ఎంత స్పీడులో పెట్టాలన్న విషయంలో ఇంతవరకు ఒక మాట మీదికి రాలేదు!

అయినా చెప్పేదాన్ని. ఏది చెప్పినా తలలూపేవారు. పొరపాటున పొంతన లేని మాట అన్నా, అందులో ఏదో తమకు అందని లోతు ఉందని నోట్సులో రాసుకునేవారు. ఇలాంటి అదృష్టం ఎంతమంది విద్యార్థులకు పడుతుంది?

మూడో నెలలో ప్రచార విభాగం ఆఫీసరు నన్ను కనిపెట్టాడు. మనిషి మంచివాడే. మెడలో కెమెరా, చేతిలో జాబితా. ఆ జాబితా ప్రకారం నన్ను గడ్డి మీద కూర్చోబెట్టి, చేతికి ఎవరిదో కెమిస్ట్రీ పుస్తకం ఇచ్చాడు.

“కొంచెం నవ్వండి. కానీ ఏదో గొప్ప విషయం ఆలోచిస్తున్నట్టు నవ్వండి” అన్నాడు.

“ఏ విషయం?” అన్నాను.

“అది మీ ఇష్టం. ఫొటోలో పడదు.”

అక్కణ్నుంచి నాకు తీరిక లేదు. ఈత రాని నేను ఈతకొలను కరపత్రం మీద ఉన్నాను. రాగం పట్టలేని నేను పాటల బృందంలో నోరు తెరుచుకుని నిలబడ్డాను. ల్యాబులో మైక్రోస్కోపులోకి చూశాను. అందులో స్లైడు కూడా లేదు. ఆ బొమ్మ ఎలాగో మా పిన్ని కంట పడింది. వెంటనే ఫోను.

“సైన్సుకు మారావటగా. ముందే చెప్తే మీ అమ్మ అన్ని రాత్రులు నిద్ర పాడుచేసుకునేది కాదు కదే” అంది.

మారలేదని చెప్పడానికి నోరు రాలేదు. మా వంశంలో అంతగా పండగ చేసుకున్న ఫొటో మరొకటి లేదు.

ఇక నా కీర్తికి పరాకాష్ఠ చెబుతాను. డీన్ గారు స్వయంగా బోధించే క్లాసు ఒకటి ఉండేది. ఆరోజు పాఠం కాలం గురించి. చదవాల్సిన నలభై పేజీల్లో నేను నాలుగు కూడా తిప్పలేదు. డీన్ గారు చిరునవ్వుతో నావైపు తిరిగారు.

“మీ వైపు కాలం గురించి ఏమనుకుంటారమ్మా?”

ఏం చెప్పను? చదవలేదని చెప్పడానికి సిగ్గేసింది. నోటికేదొస్తే అది అన్నాను. “కాలం నది కాదు, బావి. తోడుకున్నవాడికి తోడుకున్నంత. మా అమ్మమ్మ ఎప్పుడూ అనేది.”

ముందు వరుసలో ఒకమ్మాయి కళ్లు తుడుచుకుంది. డీన్ గారు పెన్ను మూసి బల్ల మీద పెట్టారు. వారం తిరిగేసరికి ఆ వాక్యం లైబ్రరీ గుమ్మం మీద రెండు బారల బ్యానరై వేలాడింది. కింద ‘ఒక అమ్మమ్మ’ అని సంతకం కూడా వేశారు.

మా అమ్మమ్మ జన్మలో బావిలో చేద వేసి ఎరగదు. ఆవిడ టెలిఫోన్ ఎక్స్‌ఛేంజిలో ఇరవై ఎనిమిదేళ్లు ఆపరేటరు. ఊళ్ల మధ్య మూడేసి నిమిషాల ట్రంకు కాల్స్ కలిపేది. కాలం గురించి ఆవిడ జీవితంలో అన్నది ఒకటే మాట. “మూడు నిమిషాలైంది. పొడిగించమంటారా, పెట్టేయమంటారా?” అవతల పుట్టుక కబురైనా, చావు కబురైనా అదే గొంతు, అదే మాట. ఇంట్లో తాతయ్య కేకలేస్తున్నా గోడ గడియారం చూసి అదే అనేది.

రోజూ ఆ బ్యానరు కిందుగా నడవడం నాకే ఇబ్బందిగా అనిపించి ప్రచారం ఆఫీసరు దగ్గరికి వెళ్లాను.

“ఆ మాట మా అమ్మమ్మది కాదండీ” అన్నాను.

“అయితే మీ తాతగారిదా?”

“కాదు. నేనే కల్పించాను.”

ఆయన చేతిలో జాబితా తిరగేశాడు. “పర్లేదు లెండి. మూడేళ్లదాకా రంగు పోని గుడ్డ మీద వేయించాం” అన్నాడు.

ఆ సాయంత్రమే లాజిక్ మేడమ్ నన్ను ఆగమంది. నర్సమ్మ, గోల్‌కీపరు వెళ్లిపోయారు.

“ఆ బావి వాక్యం చూశాను. దానికి అర్థమేంటి?” అంది.

“అంటే... లోతుగా ఉంటుందని...”

“లోతు సంగతి సరే. అర్థం?”

రెండు సెమిస్టర్లలో బయట ఏ క్లాసులోనూ నన్ను ఆ ప్రశ్న అడిగినవాళ్లు లేరు. అర్థం లేదని, కల్పించానని, పాఠం చదవలేదని అన్నీ ఒప్పేసుకున్నాను. ఆవిడ కోప్పడలేదు.

“మరి మీ అమ్మమ్మ నిజంగా ఏమనేవారు?”

చెప్పాను. కింద మెషీను తిరగడం ఆగింది. బల్ల వణుకు ఆగింది. ఆవిడ ఒక తెల్లకాగితం నా ముందుకు జరిపి, “అది రాయి” అంది.

రాశాను. కన్నకొడుకు పోయాడని వింటున్న మనిషికి మూడు నిమిషాలు, పక్కన గడియారం చూస్తున్న ఆపరేటరుకు మూడు నిమిషాలు, రెండూ ఒకటేనా? ఒకటి కాకపోతే గడియారం కొలుస్తున్నది ఎవరి కాలాన్ని? ఇదీ నా వ్యాసం. రాస్తూ రాస్తూ నాకే ముచ్చటేసింది. రెండ్రోజుల్లో తిరిగొచ్చింది. అంచుల నిండా ఆకుపచ్చ గీతలు. చివర ‘ఇది జ్ఞాపకం. వాదన ఎక్కడ?’ అని ఉంది. మళ్లీ రాశాను. ‘వాదన ఉంది. రెండో పేజీలో కాలు జారింది.’ నాకు ఒళ్లు మండిపోయింది. మైక్రోస్కోపులో చూసినందుకే జేజేలు కొట్టించుకున్న మనిషిని నేను! తలుపు వేసుకుని, ఎక్కడ జారిందో చూద్దామని పట్టుదలగా కూర్చున్నాను. నిజంగానే జారింది. అది కనబడ్డ క్షణంలో ఎంత కోపమొచ్చిందో అంత సంతోషమూ వేసింది. ఎందుకో అప్పుడు తెలియలేదు.

మూడోసారి ‘ఇప్పుడు మాట్లాడుకోవచ్చు’ అని వచ్చింది. ఆ సాయంత్రం ముగ్గురం, మేడమ్, నా మూడు నిమిషాల మీద రెండు గంటలు మాట్లాడుకున్నాం.

మరుసటి నెలలో ఒక ఉత్తరం వచ్చింది. పునర్వ్యవస్థీకరణ అనే మాట అందులో ఏడుసార్లు ఉంది. మనుషుల్ని తీసేసేటప్పుడు ఎంత పొడుగు మాట దొరికితే అంత మర్యాద కదా! ముగ్గురు విద్యార్థులున్న విభాగాన్ని నడపడం భావ్యం కాదని, దాన్ని మూసివేయడంపై అందరి అభిప్రాయాలూ వింటామని రాశారు. విద్యార్థుల తరఫున మాట్లాడటానికి ఎవరిని పిలిచారో వేరే చెప్పాలా?

ప్రచారం ఆఫీసరు నాకో కాగితం ఇచ్చాడు. ఈ విశ్వవిద్యాలయం నాకు ప్రపంచాన్నిచ్చిందని మొదలై, నాలుగు ధన్యవాదాలతో ముగుస్తుంది. దాన్ని మడిచి బ్యాగులో పెట్టుకుని మైకు దగ్గరికి వెళ్లాను. ఎదురుగా పాలకమండలి పధ్నాలుగు మంది. ఆ వెనక వరుసలో లాజిక్ మేడమ్ చేతులు కట్టుకుని కూర్చుంది.

“నేను ఇక్కడ ఏమన్నా అందరూ బాగుందంటారు. బాగోలేనిది కూడా బాగుందంటారు. మీరు మూసేయాలనుకుంటున్న ఆ గదిలో ఒక్క చోటే నా మాటకు ఎదురు ప్రశ్న వేస్తారు. లైబ్రరీ మీద వేలాడుతున్న వాక్యం నేను కల్పించింది. దానికి అర్థం లేదు. అది కనిపెట్టింది ఆవిడొక్కరే. ఆ గది మూసేస్తే, నేను అబద్ధం చెప్పినప్పుడు నాకెవరు చెప్తారు?” అన్నాను.

పాలకమండలిలో ఇద్దరు ముగ్గురు నా మాటలు నోట్సులో రాసుకున్నారు. గెలిచామనే అనుకున్నాను.

డీన్ గారు లేచారు. కళ్లలో తడి.

“గురువంటే ఎంత భక్తి చూడండి. మీ వైపు సంస్కృతిలోని గొప్పతనం ఇదే” అన్నారు.

అందరూ చప్పట్లు కొట్టారు. రెండు నిమిషాలు ఆగకుండా కొట్టారు. తర్వాత విభాగం మూసివేతకు చేతులెత్తమన్నారు. అవే చేతులు, పధ్నాలుగూ లేచాయి.

నన్ను హాస్పిటాలిటీ మేనేజ్‌మెంట్‌లోకి మార్చారు. ఒక్క మార్కు కూడా వృథా కానివ్వలేదు, వాళ్ల మంచితనం. తర్కశాస్త్రాన్ని ‘అతిథులతో సంభాషణ’ కింద జమకట్టారు. పిన్నికి చెబితే, “పోనీలే, హోటలంటే కనీసం నలుగురికీ చెప్పుకోవచ్చు” అంది.

మేడమ్ గది ఖాళీ చేసినరోజు పుస్తకాల పెట్టెలు మేమే దింపాం. చివరి పెట్టె కారులో పెట్టాక గోల్‌కీపరు అక్కడే నిలబడి బూటుతో నేల గీకుతున్నాడు. నర్సమ్మ ముక్కు చీదుకుంటోంది.

“గురువారం నాలుగింటికి మా ఇంటికి రండి. డిగ్రీ, గిగ్రీ ఉండవు. టీ ఉంటుంది” అంది మేడమ్.

వెళ్లాం. వంటింట్లోనే కూర్చున్నాం. మాట మీద మాట వచ్చి, ఎవరికీ తెలియని అబద్ధం వల్ల ఎవరికీ నష్టం లేదని నేను వాదన పెట్టాను.

“కుదరదమ్మాయ్” అంది నర్సమ్మ. “బతుకుతావని ఎంతమంది పేషెంట్లకు చెప్పానో. వాళ్లకు తెలియదు. నాకు తెలుసు కదా.”

“అంటే నష్టం వాళ్లకా, మీకా?” అన్నాడు గోల్‌కీపరు.

“ముందు ఈ అమ్మాయిని జవాబు చెప్పనీ” అంటూ నర్సమ్మ నా వైపు తిరిగింది.

నా మాట నిలబెట్టుకోవడానికి మూడు దార్లు వెతికాను. మూడూ ఆవిడే మూసేసింది. మేడమ్ టీ పోస్తూ వింటోంది తప్ప నన్ను ఆదుకోలేదు. ఆ రెండు గంటల్లో మా వైపు ఏమనుకుంటారని ఒక్కరూ అడగలేదు. నేనేమనుకుంటున్నానో అడిగారు. అదీ నిలవదని తేల్చారు. చిత్తుగా ఓడిపోయి, ఈ దేశం వచ్చాక ఎన్నడూ లేనంత హాయిగా ఇంటికి నడిచాను.

కాబట్టి పాఠకులారా, ఏ సందేహమూ పెట్టుకోకుండా మీ పిల్లల్ని మా యూనివర్సిటీకే పంపండి. ఫొటో ఖాయం, బ్యానరు ఖాయం, చప్పట్లు ఖాయం. చదువు కూడా కావాలంటారా? అయితే గురువారం నాలుగింటికి రమ్మనండి. ఆ వంటింట్లో ఉన్నవి నాలుగు కుర్చీలే, కూర్చోవడానికి ఏదో ఒకటి వాళ్లే తెచ్చుకోవాలి.