ఎనిమిదీ పీకేయాల్సిందే

ఆ రోజు ఉదయం పళ్ళ డాక్టరు వేసుకున్న పథకం చాలా చిన్నది. తొమ్మిదింటికి క్లినిక్ తెరవాలి, పదిన్నరకి స్పేర్ పార్టుల షాపుకి ఫోన్ చేసి ఏ సెట్టు కావాలో చెప్పాలి, సాయంత్రం దాన్ని ఇంటికి పట్టుకెళ్ళాలి. ఇంట్లో షెడ్డు నిండా ఆయన పాత కారు ఇంజను ముక్కలు పరిచి ఉన్నాయి. ఏడాదిగా ఉన్నాయి. "ఆదివారం లోపు ఆ కారు కదలకపోతే పాత సామాన్లవాడొచ్చి కదిలిస్తాడు," అని భార్య తేల్చి చెప్పేసింది. ఆమె మాటంటే మాటే.

ఇక కొనాల్సినవి కామ్‌షాఫ్ట్, రాకర్ ఆర్మ్‌లు మాత్రమే. కామ్‌షాఫ్ట్ అంటే బొడిపెలున్న ఇనుప కడ్డీ. అది తిరుగుతుంటే రాకర్ ఆర్మ్‌లనే ఎనిమిది చిన్న మీటలు ఊగుతూ ఇంజను వాల్వులను తెరుస్తాయి. షాపులో రెండు సెట్లున్నాయి. ఒకటి మామూలుది, రెండోది రేసు కార్లకి వాడేది. డాక్టరు మనసు రెండోదాని మీదే ఉంది. కారు పాతదే గానీ కోరికలు కుర్రవి.

తొమ్మిదిన్నరకే షాపు నుంచి ఫోన్ వచ్చింది. ఇంకెవరో వచ్చి సెట్టు అడుగుతున్నారట, వెంటనే తేల్చాలట. అప్పుడే డాక్టరు ఒక పెద్దాయన నోట్లో, పళ్ళ అచ్చు తీసే గులాబీరంగు ముద్దని పిడి ఉన్న రేకుతో పెట్టాడు. "నాలుగు నిమిషాలు నోరు కదపకండి బాబాయిగారూ. కదిపారంటే మళ్ళీ మొదటికొస్తాం," అని నర్సుకి అప్పగించి, ఒక చేత్తో ఫోన్, రెండో చేత్తో షాపులో చూపించడానికి తెచ్చిన పాత మీట పట్టుకుని కిటికీ దగ్గరికి వెళ్ళాడు.

షాపాయనకి ఇంజన్ల హోరులో ముప్ఫై ఏళ్ళు నిలబడి వినికిడి తగ్గింది. ఆయనతో మాట్లాడాలంటే అరవాలి. తలుపేమో ఓరగా తెరిచే ఉంది. బయట బెంచీ మీద పెద్దాయన భార్య, బ్యాంకు క్యాషియరు, చెంప వాచిన దర్జీ కూర్చున్నారు.

"ఆఁ, చూశానండీ! ఎనిమిదీ అరిగిపోయాయి! గుంటలు కూడా పడ్డాయి!"

దర్జీ చదువుతున్న పత్రిక మూసేశాడు.

"అబ్బే, నున్నగా అరగదీస్తే లాభం లేదండీ! ఎనిమిదీ పీకేయాల్సిందే!"

"మావారికి కదిలినవి రెండే కదండీ?" అంది పెద్దావిడ, క్యాషియరు వైపు తిరిగి. ఆయన వంగి చెప్పులు విప్పుకున్నాడు.

"నిన్న ఒకటి ఎంతకీ ఊడిరాలేదు! సుత్తితో కొట్టాను! రక్తం కారింది! గుడ్డ చుట్టి మళ్ళీ కొట్టాను!"

ఆ రక్తం డాక్టరు బొటనవేలిదని బెంచీకెలా తెలుస్తుంది? క్యాషియరు పంటినొప్పి అక్కడికక్కడే నయమైపోయింది. చెప్పులు చేత్తో పట్టుకుని మెట్లు దిగాడు. వెనకే దర్జీ. కింద మందుల షాపాయన ఆపి సంగతేమిటని అడిగితే, "పైన సుత్తితో పళ్ళు రాలగొడుతున్నారు!" అన్నాడు క్యాషియరు. మందుల షాపాయన పరోపకారి. వెంటనే అంబులెన్సుకి ఫోన్ చేసి, మందులకొచ్చిన వాళ్ళందరికీ ఓపిగ్గా సంగతి చెప్పాడు.

లోపల పెద్దాయన మొదటినుంచీ రెండు చేతులూ ఊపుతూనే ఉన్నాడు. వికారం పుడుతోందేమోనని, "ముక్కుతో గాలి పీల్చండి," అంది నర్సు. డాక్టరు, "కామ్‌షాఫ్ట్ రేసుదే ఇచ్చెయ్యండి!" అని అరిచేసరికి పెద్దాయన కుర్చీలో కాళ్ళు తపతపా కొట్టుకున్నాడు. నర్సు భుజాలు అదిమి పట్టింది.

సరిగ్గా అప్పుడే పెద్దావిడ తలుపు తోసుకుని వచ్చింది. భర్త మూతి చుట్టూ గులాబీరంగు నురగ, కొట్టుకుంటున్న కాళ్ళు, డాక్టరు చేతిలో నూనె కారుతున్న ఇనప ముక్క కనబడ్డాయి.

"ఓరి నాయనోయ్! మా ఆయన్ని చంపేస్తున్నారు!" అంటూ ఆ నోట్లోంచి పొడుచుకొచ్చిన పిడి పట్టుకుని ఒక్క గుంజు గుంజింది. ముద్ద ప్లుక్కుమని ఊడొచ్చింది.

"ఆ కడ్డీ కొనకండి డాక్టరుగారూ!" అని కేక పెట్టాడు పెద్దాయన.

నర్సు అదిమిన చేతులు తీసేసింది.

"ముప్ఫై రెండేళ్ళు బస్సు డిపోలో ఇంజన్లు విప్పినవాణ్ణి, చెబుతున్నా వినండి. ఆ రేసుదాని ప్రతాపమంతా వేగం అందుకున్నాకే. నిదానంగా పోతే దగ్గుతుంది, సిగ్నలు సిగ్నలుకీ ఆగిపోతుంది. మీరు తిరిగేది ఇంటికీ క్లినిక్కీ మధ్య. మామూలుది తీసుకోండి. కడ్డీ, మీటలూ రెండూ కొత్తవే వెయ్యాలి. కొత్త కడ్డీకి పాత మీటలు తగిలించారో, నెల తిరక్కుండా రెండూ అరిగి చస్తాయి!"

"నొప్పితో గిలగిల్లాడుతున్నారనుకున్నానండీ!" అంది భార్య, కళ్ళు తుడుచుకుంటూ.

"నొప్పేనే! ఇలాంటి బేరం వింటే నొప్పి పుట్టదూ?"

డాక్టరు మళ్ళీ ఫోన్ ఎత్తి, "మామూలుదే! మా-మూ-లు-ది!" అని వీధి చివరిదాకా వినిపించేలా అరిచాడు. ఈలోగా అంబులెన్సు వచ్చింది. వచ్చినవాళ్ళు ఊరికే తిరిగిపోలేక, డాక్టరు బొటనవేలికి కట్టు కట్టి వెళ్ళారు.

శనివారం పెద్దాయన స్వయంగా షెడ్డుకొచ్చి, దగ్గరుండి ఒక్కో మీటా బిగింపించాడు. ఆదివారం ఉదయం మొదటి తిప్పుకే ఇంజను అందుకుంది. డాక్టరు భార్య నేరుగా వెళ్ళి ముందు సీట్లో కూర్చుంది. పెళ్ళయిన పదహారేళ్ళలో డాక్టరుకి దక్కిన పెద్ద మెప్పు అదే.

అయితే మందుల షాపాయన అసలు సంగతి తెలిశాక దాన్ని కూడా అంతే ఓపిగ్గా ఊరంతా చెప్పాడు. సోమవారం డాక్టరు వచ్చేసరికి బెంచీ నిండి, మెట్ల మీద కూడా జనం కూర్చున్నారు. వాళ్ళలో పంటినొప్పితో వచ్చినవాడు ఒక్కడే. అతను కూడా ముందు స్కూటరు చూడమన్నాడు.