కాలు బెణికి గెలిపించినవాడు

2012 శీతాకాలపు వాలీబాల్ లీగులో కప్పు తమదేనని కోనసీమ కళాశాల పూర్వ విద్యార్థుల సంఘం, కువైట్ శాఖ, మొదటి మ్యాచికి ముందే ఏకగ్రీవంగా తీర్మానించింది. ఫహాహీల్‌లో ఒక హోటలు మేడమీద, బిర్యానీ వచ్చేలోపే ఆ తీర్మానం పూర్తయింది. కిందటేడు ఆ జట్టు కప్పు దరిదాపులకి రాని మాట నిజమే. అయితే అప్పటికి సూర్యకిరణ్ కువైట్ రాలేదు.

సూర్యకిరణ్ ఆరడుగులు దాటిన ఇంజినీరు. అతనికి ఇఖామా, అంటే నివాస అనుమతి కార్డు, కూడా ఇంకా చేతికి రాలేదు. సంఘాధ్యక్షులు కుక్కుటేశ్వరరావు గారు విమానాశ్రయంలో అతన్ని తలెత్తి చాలాసేపు చూసి, "మన సెట్టర్ దిగాడు" అని ప్రకటించారు. వలదగ్గర నిలబడి, తోటివాళ్ళు కొట్టడానికి వీలుగా బంతిని లేపి అందించేవాడు సెట్టర్. జట్టుకి మెదడు అతనే. మెదడు మనిషి ఎత్తును బట్టి ఉంటుందని అధ్యక్షులవారి అభిప్రాయం. పైగా కుర్రాడు వారి అన్నగారి వియ్యంకుడికి మేనల్లుడు.

సూర్యకిరణ్ అబద్ధాలకోరు కాడు. సన్మానసభలోనే లేచి నిజం చెప్పాడు.

"నాకు ఆట రాదండి బాబాయ్ గారూ. కాలేజీలో స్కోరు పలకలు తిప్పేవాణ్ణి, అంతే."

సభ ముచ్చటపడింది. కుక్కుటేశ్వరరావు గారు మైకు అందుకున్నారు. "చూశారా వినయం. ఆటగాళ్ళు చాలామంది ఉంటారు. ఆట రాదని చెప్పుకోగల ఆటగాడు మన జిల్లాలోనే పుడతాడు." శాలువా కప్పారు. మర్నాటికి సూర్యకిరణ్ ఆకాశంలో బంతి పట్టుకున్నట్టు ఫ్లెక్సీ తయారైంది. బంతిని కంప్యూటరులో అతికించారు.

అప్పటిదాకా సెట్టరుగా ఆడినవాడు జోనాథన్. ఎగైలాలో ఒక ఇంటి డ్రైవరు. అతనూ ఆ కాలేజీలోనే ఇంటరు చదివాడు. శుక్రవారం సాయంత్రం మామాని, అంటే ఆ ఇంటి యజమానురాలిని, షాపింగు మాల్ దగ్గర దింపి, ఆవిడ తిరిగి పిలిచేలోపు వచ్చి ఆడి వెళ్ళేవాడు. కార్యవర్గం అతన్ని మరిచిపోలేదు. 'క్రీడాసామగ్రి పర్యవేక్షకుడు' అనే పదవి సృష్టించి ఇచ్చింది. వల మొయ్యాలి, కట్టాలి, విప్పాలి.

"కొత్త కంపెనీలవాళ్ళు స్పాన్సర్లుగా వస్తున్నార్రా అబ్బాయ్," అని అధ్యక్షులవారు సూర్యకిరణ్‌కి వివరించారు. "ఫొటోలు దిగుతాం. ముందు వరసలో ఇంటి డ్రైవరుంటే బావోదు గదా. ఆడు మంచోడే, కాదనను."

జోనాథన్ పదవి పుచ్చుకున్నాడు. వల కడుతూ ఒకసారి మాత్రం, "వేళ్ళు కొంచెం మెత్తగా పెట్టండి సార్, బంతిని పట్టుకోకూడదు," అన్నాడు. సూర్యకిరణ్ మెత్తగా పెట్టాడు. బంతి ముక్కుకి తగిలింది.

జట్టు వరసగా ఓడింది. మొదటి ఓటమికి గాలి కారణమని కార్యవర్గం తేల్చింది. రెండోది కొత్త బంతి వల్ల. మూడోది రిఫరీ మలయాళీ కావడం వల్ల. నాలుగోసారి రిఫరీ తెలుగువాడే గనక, కడప జిల్లావాడని కనుక్కున్నారు. ప్రతి ఓటమి తర్వాతా సూర్యకిరణ్‌కి మరో శాలువా పడింది. అన్ని శాలువాలు ఏం చేసుకోవాలో అతనికి తోచలేదు గానీ, కప్పేటప్పుడు వద్దనడం మాత్రం మానేశాడు. అద్దం ముందు నిలబడి చేతులు పైకెత్తి చూసుకోవడం కూడా మొదలైంది.

రిగ్గై జట్టుతో చివరి మ్యాచి వచ్చింది. అదీ పోతే లీగులోంచి తీసేస్తారు. వచ్చే ఏడాదంతా శుక్రవారాలు ఖాళీ. మొదటి సెట్టు పోయింది. సూర్యకిరణ్ లేపిన బంతులు స్పాన్సర్ల కుర్చీల్లో పడుతున్నాయి. తోటి ఆటగాళ్ళ ముఖాలు చూసి అతనికి నిజంగానే సిగ్గేసింది.

"బాబాయ్ గారూ, జోనాథన్‌ని దింపండి. నా వల్ల కాదండి."

"అదే నీలో గొప్పతనం. ఆడు," అన్నారు కుక్కుటేశ్వరరావు గారు.

నిజం అనేదానికి ఆ సంఘంలో చోటు లేదని సూర్యకిరణ్‌కి అప్పటికి బోధపడింది. వెంటనే కాలు పట్టుకుని కూలబడ్డాడు. బెణికిందన్నాడు. అందరూ క్షణంలో నమ్మారు.

గత్యంతరం లేక జోనాథన్‌ని దింపారు. నల్ల ప్యాంటుతో, చెప్పులు విడిచి ఆడాడు. బంతి అతని వేళ్ళ మీంచి లేచిన ప్రతిసారీ అవతలివాళ్ళు ఒకచోట చూస్తే అది మరోచోట దిగింది. గీత అవతల పెట్టిన అతని ఫోను మోగుతూనే ఉంది. గెలుపు పాయింటు పడగానే చెప్పులు చేత్తో పట్టుకుని కారు వైపు పరిగెత్తాడు. ఫొటో తీసే వేళకి అక్కడ లేడు.

ఫొటోలో సూర్యకిరణ్ ఉన్నాడు, కుర్చీలో, కాలికి పట్టీతో. "కాలు విరిగినా మైదానం వదలని వీరుడు," అన్నారు అధ్యక్షులవారు. "పక్కన కూర్చుని కళ్ళతోనే ఆడించాడు." ఉత్తమ క్రీడాకారుడికి సంఘం పెట్టిన కప్పు అందుకోడానికి సూర్యకిరణ్ కుంటుతూ వెళ్ళాల్సివచ్చింది. ఆఫీసులో కూడా వారం పాటు కుంటుతూనే తిరిగాడు.

మ్యాచి రోజు రాత్రే జోనాథన్‌కి ఫోను చేశాడు.

"మామా ఏవన్నా అందా?"

"మాల్ బయట నించోబెట్టేశానండి ఆవిణ్ణి. శుక్రవారాలు ఖలాస్ అన్నార్సార్. పర్లేదండి, గెలిచాం గదా. మీ కాలెలా ఉందండి?"

సూర్యకిరణ్ కాలి పట్టీ సర్దుకున్నాడు. "తగ్గుతోంది," అన్నాడు.

ఫేస్‌బుక్ తెరిచి జరిగిందంతా రాద్దామని కూర్చున్నాడు. 'మ్యాచి గెలిపించింది నేను కాదు' అని మొదలుపెట్టాడు. ఈలోగా సంఘం వారు పెట్టిన ఫొటో కనబడింది. కింద అమలాపురం నుంచి అమ్మ మురిసిపోతూ రాసింది. సంబంధం మాట్లాడుతున్న పిల్ల అన్నగారు చప్పట్లు పెట్టాడు. రాసింది చెరిపేసి, ఆ ఫొటోనే తన ప్రొఫైలుకి పెట్టుకున్నాడు.

ఫొటోకి వందల లైకులొచ్చాయి. మొట్టమొదటిది జోనాథన్‌ది. మిగిలినవాటిలో వెతికితే మీదీ నాదీ కూడా దొరుకుతాయి. ముందు వరసలో ఎవరు లేరో మనం చూడలేదు, ఎవరున్నారో చూసి నొక్కేశాం.