పసుపు పెట్టిన కంప్యూటర్ పుస్తకం

ఆ ఉదయం సదానందం వేసుకున్న పథకం చాలా చిన్నది. తలస్నానం చేసి తెల్లచొక్కా తొడుక్కోవాలి. గోదావరిఖనిలో ఆ రోజే తెరుస్తున్న గనుల మ్యూజియంలో తన కంప్యూటర్ పుస్తకాన్ని అప్పగించి, ఫొటో దిగి, భోజనాల వేళకు ఇంటికి రావాలి.

1986లో హైదరాబాద్ ఫుట్‌పాత్ మీద కొన్న పుస్తకమది. ఇంట్లో పెట్టుకునే కంప్యూటర్‌కు ప్రోగ్రాములు రాయడం ఎలాగో అందులో ఉంది. కంప్యూటర్ నిదానంగా కొనవచ్చనుకున్నాడు గానీ కొననే లేదు. అయినా బొగ్గుబాయిలో హాజరు గుమస్తాగా ఉన్నన్నాళ్లూ దాన్ని చంకలో పెట్టుకునే డ్యూటీకి వెళ్లాడు. మూడు షిఫ్టుల వాళ్లూ ఆయన్ని కంప్యూటర్ సదానందం అన్నారు. ఆయన కాదనలేదు. ఆ పేరుతోనే కాలనీ పెళ్లిళ్లలో ముందు వరుస కుర్చీ దొరికేది, రిటైరయ్యాక కూడా దొరుకుతోంది. పుస్తకం మాత్రం ఒక్క పేజీ చదవలేదు.

తొమ్మిదింటికి మ్యూజియం ఆఫీసర్ సుహాసిని ఫోన్ చేసింది.

"సార్, మీ పుస్తకంలో చెప్పిన కంప్యూటరే గనుల పాత స్టోర్‌లో దొరికిందండీ! టీవీకి తగిలిస్తే పనిచేస్తోంది కూడా. జీఎం గారి ముందు మీరొక ప్రోగ్రాం నడిపి చూపించాలి."

"దానిదేముంది బిడ్డా, నడిపిద్దాం" అన్నాడు సదానందం ధీమాగా. ఫోన్ పెట్టేశాక నలభై ఏళ్ల పరువు నలుగురి ముందూ పోతుందని నిజంగానే భయపడ్డాడు.

ఆ రోజు ఆయుధపూజ. వాకిట్లో భార్య పూలమ్మ స్కూటర్‌కు పసుపు రాసి బొట్లు పెడుతోంది. పూజలో పెట్టిన పనిముట్టును పూజ పూర్తయ్యేదాకా ఎవరూ ముట్టరు. గనుల్లోని పెద్ద పెద్ద యంత్రాలు కూడా బొట్టు పెట్టుకుని ఊరికే నిలబడతాయి. సదానందం ముఖం వెలిగిపోయింది.

"ఆ పసుపు గిన్నె ఇటియ్యవే."

"పుస్తకానికా? ఎన్నడన్న తెరిచినవా దాన్ని?"

"మెల్లగ మాట్లాడు. పక్కింటోళ్లు వింటరు."

పసుపు, కుంకుమ, బంతిపూలు, పైన నిమ్మకాయ. ఆ అలంకారంతో పుస్తకం మ్యూజియం చేరింది.

"ముట్టద్దు బిడ్డా, పూజల ఉన్నది. ఇయ్యాల తెరువద్దు" అన్నాడు సదానందం.

కోస్తా నుంచి వచ్చి ఏడాది కూడా కాని సుహాసినికి ఇక్కడి పద్ధతులంటే భక్తి ఎక్కువ. వెంటనే పుస్తకాన్ని ఎర్రగుడ్డ పరిచిన బల్ల మీద పెట్టించి, ముందు దీపం కూడా వెలిగించింది. సదానందం హాయిగా ఊపిరి పీల్చుకున్నాడు.

ఆ హాయి పావుగంట నిలిచింది. మ్యూజియం చూద్దామని వచ్చిన కార్మికులు దీపం చూసి చెప్పులు విడిచారు. ఒకడు తన టోపీ లైటు తెచ్చి పుస్తకం పక్కన పెట్టాడు. మరొకడు బోల్టులు బిగించే పానాలు పెట్టాడు. ఎవరో కొబ్బరికాయ కొట్టారు. వరుస గేటు దాటింది. రిబ్బన్ కత్తిరించడానికొచ్చిన జీఎం కూడా బూట్లు విప్పి వరుసలోనే రావాల్సి వచ్చింది.

"పూజ మంచిగైంది సార్" అని విన్నవించాడు డ్రిల్లింగ్ మిషన్ నడిపే బుచ్చన్న, నిమ్మకాయ చేతిలోకి తీసుకుంటూ. "ఇగ ఎవని మిషన్ వాడే ముందుగాల చాలు చేసి నడిపియ్యాలె. గది మన రివాజు. సదానందమన్న, రా! జల్ది!"

"పూజ అయిపోయిందని నీకెవడు చెప్పిండ్రా?"

"కాయ కొట్టినం గద అన్నా!"

"అయితే కానివ్వండి సదానందం గారూ" అన్నారు జీఎం.

సదానందం కంప్యూటర్ ముందు కూర్చుని పుస్తకం తెరిచాడు. మొదటి పాఠంలో ఉన్నవి రెండే వరుసలు. మొదటిది పేరు చూపించమంటుంది, రెండోది మళ్లీ మొదటికి పొమ్మంటుంది. హాజరు పట్టీలో పేర్లెక్కించిన చేతులే గనుక, ఒక్కో అక్షరం వెతికి కొట్టాడు. చివరి మీట నొక్కి కళ్లు మూసుకున్నాడు.

జనం హోరెత్తారు. కళ్లు తెరిస్తే తెర మీద ఆయన పేరు! కింద మళ్లీ అదే పేరు, దాని కింద మళ్లీ. తెర నిండిపోయి పైకి పరుగెడుతోంది. సదానందానికి కన్నీళ్లాగలేదు. తానింతకాలం చెప్పుకున్నది ఈ పూటతో నిజమైపోయింది. వెనక నుంచి పూలమ్మ కూడా చప్పట్లు కొట్టింది.

ఐదు నిమిషాలైనా పేరు పరుగు ఆగలేదు. "సార్, జీఎం గారు మాట్లాడాలి. ఇక ఆపుతారా?" అని సుహాసిని చెవిలో అడిగింది.

సదానందం కుర్చీలో వెనక్కి వాలాడు. "ఆపుడెందుకు బిడ్డా? ఇది బొగ్గుబాయి ఊరు. మూడు షిఫ్టులు నడువాలె!"

చప్పట్లకు కప్పు ఎగిరిపోయేలా ఉంది. ఆపే పద్ధతి రెండో పాఠంలో ఉంది.