వీరాంజనేయులు చేలో చట్టబద్ధమైన పాట

సత్తెనపల్లికి దగ్గర్లో ఉన్న ఒక ఊళ్లో, మిరపకాయ ఎర్రబడి కోతకొచ్చిన రోజుల్లో, వీరాంజనేయులు అనే రైతు ఇకమీదట పాటలు చట్టప్రకారం మాత్రమే డౌన్‌లోడ్ చేసుకుంటానని ప్రకటించాడు. ఈ దేశంలో ఇంతటి నిర్ణయం ఇంతకుముందు ఎవరైనా తీసుకున్న దాఖలాలు లేవు. అయినా పేపర్లు రాయలేదు, టీవీలు చూపించలేదు. వీరాంజనేయులు కొన్నాళ్లు ఎదురుచూసి, దేశం ఇంకా సిద్ధంగా లేదని సరిపెట్టుకున్నాడు.

మిరప రైతుకు పాటలతో ఏం పని అని ఈ ప్రాంతం తెలియనివాళ్లు అడగవచ్చు. కోతల రోజుల్లో ఇక్కడ కూలి ముఠాలు దొరకడం మహా కష్టం. వాళ్లను రప్పించుకోవడానికి రైతులు ఇంటిదాకా ఆటో పంపుతారు, టీ ఇస్తారు, సాయంత్రం వేడి పకోడీలు పెడతారు. ఇవన్నీ అందరూ చేసేవే కావడంతో చివరికి పోటీ పాటల దగ్గరికి వచ్చింది. గట్టు మీద సౌండ్ బాక్స్ పెట్టి రోజంతా పాటలు వేసే చేనుకే ముఠాలు ముందు వెళ్తాయి. ముఠా మేస్త్రి ఎలీసమ్మ ఈ విషయంలో దాపరికం లేని మనిషి.

"పాటుంటే నడుం నొప్పి తెలీదయ్యా. పాట లేకపోతే కాయకో నొప్పి" అని ముఖానే చెప్తుంది.

నిరుటిదాకా వీరాంజనేయులు కూడా అందరిలాగే సెల్‌ఫోన్ షాపుకెళ్లి పెన్ డ్రైవ్‌లో పాటలు ఎక్కించుకునేవాడు. అవి ఎక్కడినుంచి వచ్చాయో, ఎవరి సొమ్మో ఏనాడూ అడగలేదు. ఈసారి షాపుదాకా వెళ్లడానికి బద్ధకించి, ఫోన్‌లోనే 'అన్ని పాటలూ ఉచితం' అని కనిపించిన చోట వేలు పెట్టాడు. పాటలు రాలేదు. ఫోన్‌లో నంబరున్న ప్రతి మనిషికీ వీరాంజనేయులు పేరు మీద ఒక బట్టల్లేని బొమ్మ వెళ్లింది. వియ్యంకుడు మర్యాదస్తుడు కాబట్టి చూసి ఊరుకున్నాడు. శివాలయం పూజారిగారు మాత్రం ఫోన్ చేసి, "ఇది ఏ సందర్భంలో పంపారండీ?" అని వినయంగా అడిగారు.

చట్టం మీద వీరాంజనేయులుకు గౌరవం పుట్టింది ఆ క్షణంలోనే. మనలో చాలామందికి అది అలాగే పుడుతుంది.

ఆయన నిర్ణయాన్ని అభినందిస్తూ పాల కేంద్రం ముందు సభ జరిగింది. సహకార సంఘం అధ్యక్షులు మాట్లాడుతూ, "ఒక పాటను దొంగిలించడమంటే ఒక కళాకారుడి కంచంలో అన్నం దొంగిలించడమే. మన గ్రామం నేటి నుంచి అలాంటి అన్నం ముట్టదు" అన్నారు. చప్పట్లు మోగాయి. సభకు ముందూ, తర్వాతా, మధ్యలో కరెంటు వచ్చినప్పుడల్లా, మైకు సెట్టులో కొత్త సినిమా పాటలు వేశారు. అవి ఎక్కడివని అడగడం సభా మర్యాద కాదు కాబట్టి ఎవరూ అడగలేదు.

న్యాయ సలహాల బాధ్యతను మేనల్లుడు చైతన్యకృష్ణ తీసుకున్నాడు. ఇతను గుంటూరు బ్రాడీపేటలో ఒక కోచింగ్ సెంటర్‌లో లా ప్రవేశ పరీక్షకు పాఠాలు చెప్తాడు. ఆ పరీక్ష తాను అనేకసార్లు రాసి ఉండటంతో అనుభవానికి లోటు లేదు. డబ్బు కట్టి పాటలు తీసుకునే యాప్ ఒకటి అతనే మామయ్య ఫోన్‌లో పెట్టాడు. వీరాంజనేయులు మిరపయార్డులో బేరం ఆడినట్టే ఆడబోయాడు. ముందు శాంపిల్ చూపించమన్నాడు, తాలు పాటలు ఏరేసి మిగతావాటికే ధర చెప్పమన్నాడు. యాప్ ఏ సమాధానమూ ఇవ్వకుండా డబ్బు మాత్రం తీసుకుంది.

"ఇంతకీ పాట ఏదిరా? ఫోన్‌లో ఎక్కడా కనబడట్లేదే."

"యాప్‌లోనే ఉంటుంది మామయ్యా, బయటికి రాదు. నెల నెలా కడుతున్నంతకాలం వినొచ్చు."

"అంటే కోల్డ్ స్టోరేజీ అన్నమాట."

"అదే అనుకో. కాకపోతే అక్కడ బస్తా ఎప్పుడన్నా విడిపించుకోవచ్చు. ఇక్కడ కుదరదు."

వీరాంజనేయులు ఈ వ్యాపారం చేసేవాడి తెలివికి మనసులోనే నమస్కారం పెట్టాడు.

మర్నాడు ముఠా చేలోకి దిగింది. సౌండ్ బాక్స్ గట్టెక్కింది. సరిగ్గా అప్పుడే చైతన్యకృష్ణ యాప్ నిబంధనలు చదవడం పూర్తిచేసి ఫోన్ చేశాడు. పాటలు సొంతంగా వినడానికేనట, నలుగురికీ వినిపించడం నేరమట. నిన్న చప్పట్లు కొట్టించుకున్న మనిషి ఇవాళ నేరం చేయలేడు కదా. వీరాంజనేయులు బాక్స్ ఆపేసి, చెవుల్లో ఇయర్‌ఫోన్స్ పెట్టుకుని గట్టుమీద కూర్చున్నాడు. ఆడవాళ్లు నిశ్శబ్దంగా కాయ కోస్తూ, తలూపుతున్న యజమానిని మధ్యమధ్య చూశారు. ఆ రోజు భారతదేశంలో చట్టం పరిపూర్ణంగా అమలైన చేను అదొక్కటే. పక్క చేలో చెంచయ్య బాక్స్ దద్దరిల్లుతోంది. మర్నాటికి ముఠా అటు వెళ్లిపోయింది.

కాయ చెట్టు మీదే ఉంది. అప్పు తెచ్చి పెట్టిన పంట. వాన పడితే ఎర్రటి కాయ తెల్లబడి తాలు అవుతుంది, తాలుకు ధర రాదు. టీవీలో అల్పపీడనం అంటున్నారు. వీరాంజనేయులుకు భయం పట్టుకుంది. అయినా పరువు కొద్దీ చట్టాన్ని వదలలేక, చేలో పాటలు వేసుకోవడానికి అనుమతి ఇచ్చే కార్యాలయం వెతుక్కుంటూ గుంటూరు వెళ్లాడు.

మొదటి ఆఫీసులో, పెళ్లికా, ఊరేగింపుకా అని అడిగారు. మిరపకోతకు అంటే, ఆ గడి తమ దరఖాస్తులో లేదన్నారు. రెండో ఆఫీసులో కూలీల సంక్షేమం పై అంతస్తు అన్నారు. పై అంతస్తులో శబ్ద కాలుష్యం గురించి ఒక కరపత్రం ఇచ్చారు. ఆఖరికి ఒక దయగల ఉద్యోగి ఆయన్ను పక్కకు పిలిచి, "ఈ మాత్రానికి ఇంత దూరం ఎందుకొచ్చారండీ? నా పెన్ డ్రైవ్‌లో బోలెడున్నాయి, ఎక్కించుకెళ్లండి" అన్నాడు.

వీరాంజనేయులు బస్సులో కూర్చుని తనను తాను తిట్టుకున్నాడు. ఊరంతా హాయిగా దొంగపాటలు వింటుంటే, ఇంత వయసొచ్చి నిజాయితీ మొదలుపెట్టింది తానొక్కడే. బస్సు దిగి తిన్నగా ఎలీసమ్మ ఇంటికెళ్లాడు.

"ఎలీసమ్మా, నువ్వే పాడమ్మా. నీ గొంతుకు ఏ చట్టమూ అడ్డం రాదు."

"సినిమా పాటలు నాకేం వచ్చయ్యా. మా అమ్మ పాడేది ఒకటుంది" అంది ఎలీసమ్మ.

"అది చాలు."

ఆ పాట ఎలీసమ్మ తల్లి చేలల్లోనే కట్టుకున్నది. కాయ కోసి కోసి కారం ఎక్కిన చేతులు, గట్టు మీద గుడ్డ ఉయ్యాల్లో ఏడుస్తున్న పిల్ల. ఎత్తుకుంటే పిల్ల ఒళ్లు మండుతుంది, కన్నీళ్లు తుడిస్తే కళ్లు మండుతాయి. అందుకని ఆ తల్లి, చేతులు రాలేవమ్మా, గొంతు పంపిస్తున్నా, దాన్ని పట్టుకుని నిద్రపో అని పాడేది. ఆ ఉయ్యాల్లో పిల్ల ఎలీసమ్మే.

ఎలీసమ్మ పాడుతుంటే ముఠా అంతా అందుకుంది. ఆ పూట కోత సాగినట్టు ఆ చేలో ఎప్పుడూ సాగలేదు. మొదటి కోత ఒడ్డున పడింది. గట్టు మీద వీరాంజనేయులు కళ్లు తుడుచుకున్నాడు. ఘాటు వల్ల కాదు. ఆ పాట ఆయన్ను నిజంగానే కదిలించింది.

మంచి పాట విని కదిలిపోయిన మనిషి ఏం చేయాలి? పాడినవాళ్లకు దణ్ణం పెట్టాలనుకునే వెనకబడిన వాళ్లు కొందరు ఇంకా ఉన్నారు. వీరాంజనేయులు ఫోన్‌లో రికార్డు చేశాడు. చైతన్యకృష్ణ దాన్ని పద్ధతి ప్రకారం యాప్‌లోకి ఎక్కించాడు. పాటకు హక్కుదారు ఎవరని యాప్ అడిగింది.

"ఎవరి పేరు పెట్టమంటావు మామయ్యా?"

వీరాంజనేయులు రైతుబిడ్డ, లెక్క సూటిగా ఉంది. చేను తనది, ఆ పూట కూలి ఇచ్చింది తను. తన చేలో, తన కూలి మీద మొలిచింది మిరపకాయైనా పాటైనా తనదే అవుతుంది. "నా పేరే పెట్టరా" అన్నాడు. తర్వాత తన పాటను తనే డబ్బు కట్టి డౌన్‌లోడ్ చేసుకున్నాడు. ఇంతకంటే సురక్షితమైన, చట్టబద్ధమైన మార్గం ఇప్పటివరకు ఎవరూ కనిపెట్టలేదు.

ఈసారి సన్మానం ఇంకా ఘనంగా జరిగింది. "మట్టిలోంచి పాటను పండించిన మహారైతు" అని అధ్యక్షులు గద్గదంగా అన్నారు. శాలువా కప్పారు. సభకు కుర్చీలు వేసింది ఎలీసమ్మ ముఠాయే. సభ మొదలయ్యాక వాళ్లు వెళ్లిపోయారు, పొద్దున్నే కోత ఉంది కాబట్టి.

పాట బాగా తిరిగింది. రెండో కోతకు కాయ ఎర్రబడే వేళకు ఎలీసమ్మ వీరాంజనేయులు ఇంటి గేటు దగ్గరికొచ్చి నిలబడింది.

"అయ్యా, మా అమ్మాయి ఫెబా గుంటూర్లో నర్సింగ్ చదువుతుంది కదా. చర్చిలో నేను పాడింది ఫోన్‌లో పెట్టిందంట. ఆ యాప్ వాళ్లు తీసేశారంట. మీ పర్మిషన్ కావాలంట."

వీరాంజనేయులు గేటు గడియ తీయబోయి ఆగాడు.

"అది మా అమ్మ పాటయ్యా. చర్చిలో పాడుకోవచ్చా, దానిక్కూడా మిమ్మల్ని అడగాలా? తెలీక అడుగుతున్నా."

ఆ గొంతులో ఎత్తిపొడుపు లేదు. అది ఉంటే బాగుండుననిపించింది వీరాంజనేయులుకు, ఎదురు తిట్టి గట్టెక్కేవాడు. అనుమతి కోసం గుంటూరులో ఎక్కని మెట్టు లేదు. ఈ ఒక్క మనిషిని అడగాలని మాత్రం తట్టలేదు. ఆయనకు సిగ్గేసింది, బాగా సిగ్గేసింది. లోపలికెళ్లి మేనల్లుడికి ఫోన్ చేశాడు.

"ఆ పాట మీద నా పేరు తీసేసి ఎలీసమ్మ పేరు పెట్టడానికి వీలవుతుందా?"

"ఎందుకు కాదు, పది నిమిషాల పని. కాకపోతే వచ్చే నెల జిల్లా స్థాయి సన్మానానికి నీ పేరు వెళ్లింది. అది ఆగిపోద్ది మరి."

వీరాంజనేయులు కాసేపు ఆలోచించాడు. సిగ్గు వచ్చే నెలదాకా ఆగగలదని తేలింది.

గేటు దగ్గరికొచ్చి, "పాడుకోమ్మా. చర్చిలో పాడుకో, ఇంట్లో పాడుకో, నాకేం అభ్యంతరం లేదు" అన్నాడు. అంటున్నప్పుడు తన ఔదార్యానికి తనకే ముచ్చటేసింది. ఎలీసమ్మ ఆయన్ను ఒక్క నిమిషం చూసి, "సరేనయ్యా" అని వెళ్లిపోయింది.

మర్నాడు ఆటో ఖాళీగా తిరిగొచ్చింది. ముఠా చెంచయ్య చేలో ఉంది. సౌండ్ బాక్స్ మోగడం లేదు, దాన్ని చెంచయ్యే ఆపేశాడట. ఎలీసమ్మ పాడుతోంది, మిగతావాళ్లు అందుకుంటున్నారు. వీరాంజనేయులు గట్టు మీద నిలబడ్డాడు.

"ఏరా, నా చేలో నీ పాట పాడుతున్నారు. కేసు పెడతావా?" అని చెంచయ్య అటునుంచి కేకేశాడు.

వీరాంజనేయులు నవ్వబోయాడు, నవ్వు రాలేదు. మధ్యాహ్నానికి మబ్బు పట్టింది, సాయంత్రానికి వాన దిగింది. ఆయన కాయ చెట్టు మీదే తడిసింది.

జిల్లా స్థాయి సన్మానం మాత్రం అనుకున్న ప్రకారం దిగ్విజయంగా జరిగింది. పాట ఇప్పుడు ఎన్నో ఫోన్లలో ఉంది. పిల్లల్ని నిద్రపుచ్చడానికి పట్నంలో తల్లులు తెగ పెడుతున్నారట. మీకూ ఎవరో ఒకరు పంపే ఉంటారు. నిశ్చింతగా డౌన్‌లోడ్ చేసుకోండి, వైరస్ భయం లేదు, కాగితాలన్నీ సక్రమంగా ఉన్నాయి. ఇంతవరకు విన్నవాళ్లలో అది దొంగపాట కాదు కదా అని అడిగినవాళ్లు చాలామంది ఉన్నారు. ఆ పాడుతున్నామె ఎవరని అడిగినవాళ్లు ఒక్కరూ లేరు, మనతో సహా.