లోర్నా అన్న ‘షేమ్’

మనిషికి ఒక్క మాట చాలు. మిగతావన్నీ దుబారా. నమ్మకం లేకపోతే కేప్ టౌన్ దాటి పార్ల్ దాకా రండి. ఇక్కడి జనం ‘షేమ్’ అనే ఒక్క మాటతో పుట్టుక నుంచి చావు దాకా నెట్టుకొస్తున్నారు.

షేమ్ అంటే సిగ్గు అంటుంది నిఘంటువు. దాన్ని రాసినాయన పార్ల్ వచ్చి ఉండడు. ఉయ్యాల్లో పాప బోసినవ్వు నవ్వితే షేమ్. ఆ పాప తాతగారు పోతే షేమ్. కుక్కపిల్లకు స్వెటర్ తొడిగినా షేమే, పక్కింటాయన కారు మొరాయించినా షేమే. ముద్దు, జాలి, మెచ్చుకోలు, వెటకారం, అన్నీ ఒకే సీసాలో! ఇంత పొదుపైన భాష ఇంకెక్కడైనా ఉందా?

ఈ పొదుపే డెంజిల్ జాఫ్తా మెడకు చుట్టుకుంది.

డెంజిల్ ఫ్రిజ్‌లు బాగుచేస్తాడు. నలభై దాటాయి. పెళ్ళి కాలేదు. అక్క మెర్ల్ ఇంట్లో ఉంటాడు. పై వీధిలో, తన ఇంటి ముందుగదిలోనే సెలూన్ నడిపే లోర్నా అడోనిస్ అంటే అతనికి ప్రాణం. ఓ ఆదివారం ఆమె భోజనానికి పిలిచింది. డెంజిల్ ఉన్న ఒక్క టై కట్టుకుని వెళ్ళాడు. టమాటా వేసి ఉడికించిన మాంసం కూర ఆమె వడ్డిస్తుండగా, కూడగట్టుకున్న ధైర్యం జారిపోకముందే ముందుకు వంగి అడిగేశాడు.

“లోర్నా, మనం పెళ్ళి చేసుకుందామా?”

లోర్నా అతని వంక చూసింది. “అయ్యో, షేమ్,” అని గబగబా వంటింట్లోకి వెళ్ళింది.

డెంజిల్ వీధి తలుపు తీసుకుని బయటపడ్డాడు.

“ఎలా అంది? సాగదీసిందా?” అని అడిగింది మెర్ల్, అతను ఇంటికొచ్చి సంగతి చెప్పగానే.

“కొంచెం.”

“అయితే ముద్దొచ్చావన్నమాట. తల పక్కకు వంచిందా?”

“వంచింది.”

“అయితే జాలిరా తమ్ముడూ.”

అక్క మాట మీద నమ్మకం చాలక మంగలి సాలీ దగ్గరికి వెళ్ళాడు. చేయి గుండె మీద పెట్టుకుని అంటేనే లెక్క అన్నాడు సాలీ. ఆమె చేతిలో గరిటె ఉందన్నాడు డెంజిల్. గరిటె ఉంటే ఏమీ చెప్పలేమన్నాడు సాలీ. ఇక పాస్టరుగారు అంతా విని, కళ్ళు మూసుకుని, “షేమ్,” అన్నారు. అది ఏ అర్థంలో అన్నారో అడగడానికి డెంజిల్‌కు నోరు రాలేదు.

అయినా ఇది వరం కాదా చెప్పండి? కాదంటే ఏడవాలి. సరేనంటే సూటు కుట్టించాలి, హాలు మాట్లాడాలి. షేమ్ అంటే ఆ రెండు బాధలూ లేవు. పెళ్ళికొడుకూ కాకుండా, భగ్నప్రేమికుడూ కాకుండా హాయిగా తిరగొచ్చు. డెంజిల్ అలాగే తిరిగాడు. అన్నం సయించలేదు, నిద్ర పట్టలేదు. అతను బాగుచేసిన ఓ ఫ్రిజ్‌లో ఐస్‌క్రీమ్ వెచ్చబడింది. ఆ ఇంటావిడ కూడా షేమ్ అనే అంది.

చివరికి ఓ పొద్దున లోర్నా వచ్చి అతని వ్యానుకు అడ్డంగా నిలబడింది.

“తల కడిగించుకోవడానికొచ్చిన ప్రతి ఆడదీ నేనేమన్నానో నాకే వివరిస్తోంది. ఊరంతా అడిగావు. నన్నొక్కదాన్ని అడగడానికి ఏమొచ్చింది?”

“నువ్వు షేమ్ అన్నావుగా?”

“నీ టై కూరలో మునిగిందయ్యా. దాన్ని చూసి అన్నాను. తడిగుడ్డ తెచ్చేసరికి కుర్చీ ఖాళీ. అడగడమైతే అడిగావు గానీ, జవాబు వినే ఓపిక లేకపోయింది నీకు. ఎన్ని ఆదివారాలు ఎదురుచూశానో తెలుసా?”

డెంజిల్ ఇంజను ఆపి కిందికి దిగాడు. టోపీ తీసి చేత్తో పట్టుకున్నాడు. మళ్ళీ అడిగాడు, ఈసారి మెల్లగా.

“చేసుకుంటాను,” అంది లోర్నా.

ఇంత సూటిగా మాట్లాడిన మనిషిని అతను పార్ల్‌లో ఇంతవరకూ చూడలేదు.

“అంటే,” అన్నాడు అనుమానంగా, “ఏ అర్థంలో?”