మడవ లేని మైదానం

ఆటలాడని జాతికి భవిష్యత్తు లేదన్న సంగతి, మదరాసు వ్యాసర్పాడి వార్డు ప్రముఖులు వెంకటాచలపతి గారు ఒక ఆదివారం ఇడ్లీలు తిన్నాక గ్రహించారు. భోజనాల వేళకల్లా తమ పెరట్లో బాల్ బ్యాడ్మింటన్ కోర్టు నిర్మిస్తున్నట్టు జాతికి ప్రకటించారు. జాతి తరఫున ఆ ప్రకటన విన్నది అమ్మణి ఒక్కతే. కార్బన్ పెట్టి నాలుగు ప్రతులు రాసింది కూడా ఆమే.

అమ్మణి ఆయన స్థాపించిన యువజన క్రీడా సంఘానికి తాత్కాలిక గుమాస్తా. తడ పక్క పల్లెలో ఎనిమిదో తరగతి దాకా చదివింది. నాట్లు వేసి వేసి నడుము వంగిపోయిన వాళ్ళమ్మ, "కలం పట్టుకుంటే కాలికి బురదంటదులే" అని చెప్పి మదరాసు రైలెక్కించింది. ఏడాదిగా అంటలేదు. ప్రారంభోత్సవానికి మంత్రిగారు వచ్చి కోర్టు తెరిచిన రోజే ఉద్యోగం పర్మనెంటు చేస్తానని వెంకటాచలపతి అయ్యవారు మాటిచ్చారు. కోర్టు మీద దేశం ఎంత ఆశ పెట్టుకుందో తెలియదు గాని, అమ్మణి మాత్రం ఉన్నదంతా పెట్టుకుంది.

పెరడంతా బంకమన్ను. మట్టిపని చేసే మునియక్క తన మనుషులతో వచ్చి నేలను తవ్వించి, తడిపించి, పలక లాగించి అద్దంలా చదును చేయించింది. చుట్టూ అడుగెత్తు గట్టు వేసి సిమెంటు పూయమన్నారు అయ్యవారు. బంతి బయటికి పోకూడదు, వీధి కుక్కలు లోపలికి రాకూడదు.

"ఈ మూల జానెడు మడవ వదల్దామా సామీ? వానొస్తే నీళ్ళు పోవల్ల గదా" అంది మునియక్క.

"కోర్టుకి బొక్క పెట్టమంటావా? అమ్మణీ, రూల్సు పుస్తకంలో మడవ ఉండాదా చూడు."

అమ్మణి పుస్తకం మొదటి నుంచి చివరి దాకా తిరగేసింది. "లేదయ్యా."

"విన్నావా? ఇంటర్నేషనల్ స్టాండర్డ్."

మునియక్క తట్ట దించి అమ్మణి పక్కకొచ్చింది. "ఏం పాపా, మీది సేద్యం చేసే ఊరే గదా. నువ్వన్నా చెప్పగూడదా?"

చెప్పవచ్చు. బంకమన్ను చదును చేసి నాలుగు పక్కలా గట్టు వేస్తే దాన్ని వాళ్ళూళ్ళో ఏమంటారో అమ్మణికి బాగా తెలుసు. కాని పర్మనెంటు అయ్యాక చెప్పడం మర్యాదగా ఉంటుందని ఆగింది. ఆమెకు ఓర్పు ఎక్కువ. దాన్ని పిరికితనమనే వాళ్ళున్నారు. వాళ్ళలో అప్పుడప్పుడు ఆమె కూడా ఉండేది. ఆ సాయంత్రం పత్రికలకు పంపిన ప్రకటనలో ఆమె స్వయంగా చేర్చిన వాక్యం ఇది: "చుక్క నీరు కూడా దాటలేని దిట్టమైన నిర్మాణం."

మంత్రిగారు రావలసింది మదరాసులో వానలు పట్టే ఐప్పసి నెలలో, ఒక ఆదివారం. శుక్రవారం వాన పట్టుకుంది. శనివారం తెల్లారేసరికి వీధి ఆరిపోయింది. కోర్టు నిండుగా ఉంది. అమ్మణి రాసిన దాంట్లో అబద్ధం ఒక్క ముక్క లేదు.

క్రీడా సంఘం యువకులు పదిమంది బిందెలతో దిగి మధ్యాహ్నం దాకా తోడారు. అదే చోట తిరిగి తిరిగి మోకాళ్ళ దాకా తొక్కారు. మళ్ళీ వాన కురిసింది. వాళ్ళ పల్లెలో నాగలి కట్టిన నాలుగు కాళ్ళ జీవాలు రెండు రోజులు పడే శ్రమను వీళ్ళు ఒక్క పూటలో ముగించారని అమ్మణి గమనించింది.

అయ్యవారు తువ్వాలు తల మీద వేసుకుని కూర్చున్నారు. "మంత్రిగారికి రావద్దని జాబు రాయమ్మా. మర్యాదగా రాయి."

మంత్రిగారు రాకపోతే పర్మనెంటూ రాదు. అమ్మణి కలం మూత తీసింది, మళ్ళీ పెట్టింది. ఏడాదిలో మొట్టమొదటిసారి అడగకుండా మాట్లాడింది.

"నాట్లు వెయ్యొచ్చయ్యా."

"ఏడ?"

"ఈడనే. ఎక్కువ పంట పండించండని మంత్రిగార్లు రోజూ పేపర్లో చెప్తానే ఉండారు గదయ్యా."

అయ్యవారు తువ్వాలు తీశారు. "నాకూ అదే తోచింది" అన్నారు.

అమ్మణి పాత ప్రకటనలో 'క్రీడ' ఉన్నచోటల్లా 'సేద్యం' అని మార్చింది. మిగతాదేదీ మార్చే పని పడలేదు. చుక్క నీటి వాక్యం ఇంకా బాగా కుదిరింది.

మాధవరం నుంచి బండెడు నారు వచ్చింది. యువకులు ఒక్కో కట్టను పూలగుత్తిలా పట్టుకుని గట్టు మీద నిలబడ్డారు. దాన్ని ఏ వైపు పాతాలో ఎవరికీ తెలియదు.

"మన్ను మోసేదే మాకు తెలిసేది సామీ" అంది మునియక్క. "నాటేది ఆ పాపకే తెలుసు."

అందరూ అమ్మణి వైపు చూశారు. అమ్మణి కలం మునియక్క చేతికిచ్చి, చీర కుచ్చెళ్ళు పైకి దోపుకుంది.

ఆదివారం తెల్లవారింది మొదలు మంత్రిగారి కారు వచ్చేదాకా, వేదికకు కనబడే సగం మడి నాటింది. కోర్టు నడుమ నెట్టు అలాగే ఉంచి, దాని మిగులు తాడు కట్టుకుని నాటడం వల్ల వరసలు గీత గీసినట్టు వచ్చాయి.

"వరసనాట్లు! జపాన్ పద్ధతి" అని మెచ్చుకున్నారు మంత్రిగారు. "ఆ వల దేనికి?"

"పిచ్చుకలకు సార్" అన్నారు అయ్యవారు.

"నీళ్ళు?"

"చుక్క దాటదు సార్."

మంత్రిగారు జేబులోంచి ఉపన్యాసం తీశారు. అది పది రోజుల కిందట తయారైనది. "ఈ మైదానంలో దిగే ప్రతి యువకుడూ గెలుపోటములు సమానంగా చూడాలి" అని చదివి తలెత్తారు. మైదానంలో మోకాలి లోతున అమ్మణి ఒక్కతే ఉంది. ఆయన కాగితం తిప్పి చివరిదాకా చదివారు. గట్టు మీది యువకులు చాలాసేపు చప్పట్లు కొట్టారు.

అయ్యవారు మాట తప్పే మనిషి కాదు. సాయంత్రం అమ్మణిని పిలిచి పర్మనెంటు ఆర్డరు చెబుతూ ఆమె చేతనే రాయించారు. ఉద్యోగం: నగర ఆదర్శ వరిమడి సంరక్షకురాలు. పనిచేయు చోటు: మడి. పనివేళలు: పంటను బట్టి.

అమ్మణి గోళ్ళలో మట్టి కాగితానికి అంటకుండా నిదానంగా రాసింది. నాలుగు ప్రతులూ స్పష్టంగా వచ్చాయి.