డాబా మీద మూడు వైర్లు

శనివారం పొద్దున్న శాంతికుమార్ వేసుకున్న ప్లాను చాలా చిన్నది. టిఫిను తినేలోగా ఏ ఇంటర్నెట్టు పెట్టించుకోవాలో ముగ్గురూ కలిసి తేల్చుకోవడం, మధ్యాహ్నానికి పెట్టించుకోవడం, సాయంత్రం పడుకోవడం. ఈ మూడింటిలో అతనికి బాగా ఇష్టమైనది చివరిది.

పడుకోవాలనుకోవడంలో తప్పేమీ లేదు. ఆరేళ్లుగా అతను అనకాపల్లి నుంచి విశాఖపట్నానికి బస్సులో నిలబడి వెళ్లి, నిలబడి తిరిగి వస్తున్నాడు. ఇన్సూరెన్సు క్లెయిములు చూసే ఉద్యోగం. ఆఫీసులో కుర్చీ ఉంది కాబట్టి ఆ విశ్రాంతేదో అక్కడే దొరకాలి. ఇన్నాళ్లకు మేనేజరు మహేశ్వరరావు గారు ఇంటి నుంచి పని చేసుకోవడానికి ఒప్పుకున్నారు. ఒప్పుకుంటూనే ఒక మెలిక పెట్టారు. సోమవారం పది గంటల వీడియో మీటింగులో శాంతికుమార్ ముఖం ఒక్కసారి కూడా ఆగిపోకూడదు. ఆగిపోయిందా, మంగళవారం నుంచి మళ్లీ బస్సే. సెల్‌ఫోన్ నెట్టుతో నెట్టుకొద్దామంటే ఆ ఇంట్లో సిగ్నలు కిటికీ దాకా వచ్చి, లోపలికి రావడానికి మొహమాటపడుతుంది.

మొహమాటం ఆ ఇంటికి కొత్త కాదు. మేడ మీద పోర్షనులో శాంతికుమార్‌తో పాటు ఇంకో ఇద్దరు ఉంటారు. దేవీప్రసాద్ బెల్లం మార్కెట్లో ఒక వ్యాపారి దగ్గర గుమస్తా. లోహిత్ మందుల ఫ్యాక్టరీలో కెమిస్టు. ముగ్గురూ మంచివాళ్లు, చిక్కంతా అక్కడే వచ్చింది. ఒకరి మాట ఒకరు కాదనరు. కూరలో ఉప్పు ఎక్కువైతే ముగ్గురూ బాగుందంటూ తింటారు, తరవాత ముగ్గురూ చాటుగా వెళ్లి చెంబెడు నీళ్లు తాగుతారు.

ఇడ్లీలు చల్లారుతుండగా శాంతికుమార్ తను ఫోన్లో చూసి పెట్టుకున్న పెద్ద కంపెనీ పేరు చెప్పాడు. ఇద్దరూ తలూపారు. లోహిత్ తన క్లాస్‌మేటు పనిచేస్తున్న ఇంకో కంపెనీ సంగతి చెప్పాడు. దానికీ ఇద్దరు తలూపారు. ఆఖర్న దేవీప్రసాద్ చట్నీ గిన్నె పక్కకు జరిపి అసలు విషయం బయటపెట్టాడు.

"కేబులు కన్నబాబు ఉన్నాడు కదా. నాకు బావవుతాడు. ఒక్క ఫోను సేత్తే నిచ్చెన భుజాన ఏసుకుని వచ్చీగలడు."

మళ్లీ తలలు ఊగాయి. సభ ముగిసింది. తన మాట నెగ్గిందని ముగ్గురికీ సంతోషంగా ఉంది. ముగ్గురూ మూడు గదుల్లోకి వెళ్లి మూడు ఫోన్లు చేశారు.

మధ్యాహ్నానికి మెట్ల మీద నిచ్చెనకు నిచ్చెన తగులుకుంది. మూడు కంపెనీల మనుషులూ ఒకేసారి వచ్చారు. వచ్చినవాళ్లు ఒకరినొకరు చూసుకున్నారు, తరవాత ముగ్గురు మిత్రుల వైపు చూశారు. అప్పుడైనా ఒకరు నోరు తెరిచి ఇద్దరిని పంపేస్తే ఈ కథ ఉండేది కాదు. కానీ గుమ్మం దాకా వచ్చినవాణ్ణి వద్దనడం ఎలా? శాంతికుమార్ అందరికీ మజ్జిగ ఇచ్చాడు. వీధి స్తంభం నుంచి డాబా మీదుగా మూడు వైర్లు సాగాయి.

డాబా మాత్రం ఇంటి ఓనరు అచ్చియమ్మది. ఆవిడ కింద ఉంటుంది. పుట్టిల్లు సముద్రం ఒడ్డున పూడిమడక. తమ్ముడికి పడవ ఉంది. అతను ఉప్పు పట్టించిన చేపలు ఆటోలో పంపుతుంటాడు, ఆవిడ డాబా మీద ఎండబెట్టి అమ్ముతుంది. అద్దెకు దిగిన రోజునే డాబా జోలికి రావద్దని ముగ్గురికీ చెప్పింది. ఇప్పుడు మోకాళ్లు పట్టుకుని పైకి వచ్చి, తల మీదుగా పోతున్న వైర్లను చాలాసేపు చూసింది.

"ఏటి బాబూ ఇది? ఒక్క పోర్షనుకి మూడు తీగలేటి? ఒకటుంచుకుని మిగతావి ఆపించీండి. లేదంటే మూడూ నేనే కోసి పారేత్తాను."

ఆ సాయంత్రం బల్ల మీద మూడు రౌటర్లు పక్కపక్కనే పచ్చగా మిణుకుమంటున్నాయి. వీధి మొత్తానికి సరిపోయే ఇంటర్నెట్టు ఉంది, ఏది ఉంచాలో చెప్పే మనిషే లేడు. శాంతికుమార్ కన్నబాబుదే ఉంచుదామన్నాడు, చుట్టరికం చెడిపోతుందేమోనని అతని బాధ. దేవీప్రసాద్ ఒప్పుకోలేదు. ఉద్యోగం శాంతికుమార్‌ది కనుక అతను కోరుకున్నదే ఉండాలన్నాడు. లోహిత్ ఇద్దరిదీ న్యాయమేనన్నాడు. అలా ఒకరినొకరు బతిమాలుకుని, ఏమీ తేలకుండానే పడుకున్నారు. శాంతికుమార్‌కు ఆ రాత్రి నిద్ర కూడా సరిగా పట్టలేదు, ప్లానులో మిగిలి ఉన్నది అదొక్కటే పాపం.

ఆదివారం చర్చిలో ఆరాధన అయ్యాక అతను గేటు బయట నిలబడి కంపెనీకి ఫోన్ చేసి తన కనెక్షను రద్దు చేయించాడు. దేవీప్రసాద్ రేపు పెళ్లిళ్లలో ఆ బావ మొహం ఎలా చూస్తాడని తలచుకుంటే జాలేసింది. అదే సమయానికి దేవీప్రసాద్ కన్నబాబు ఇంటికి వెళ్లి, కాఫీ తాగి, నెమ్మదిగా వద్దని చెప్పి వచ్చాడు. బావను నొప్పించడం అతను చేసిన పనుల్లోకెల్లా కష్టమైనది, స్నేహితుడి ఉద్యోగం కోసం చేశాడు. లోహిత్ డ్యూటీలోంచే క్లాస్‌మేటుకు మెసేజి పెట్టేశాడు. ముగ్గురూ తేలికపడ్డ మనసుతో ఇల్లు చేరారు. ఎవరి త్యాగం వాళ్లు దాచుకున్నారు, చెప్పుకుంటే బాగుండదని.

చీకటి పడే వేళకు శాంతికుమార్ మీటింగు ఎలా వస్తుందో చూసుకుందామని లాప్‌టాప్ తెరిచాడు. తెర మీద చక్రం తిరుగుతూనే ఉంది. బల్ల వైపు చూశాడు. మూడు రౌటర్ల మీదా ఎర్ర దీపాలే.

"మీవి ఆపించేసేరేటి?" అన్నాడు.

"నీ కోసవే కదేటి" అన్నాడు దేవీప్రసాద్.

ఈసారి తలూపడానికి కూడా లోహిత్‌కు ధైర్యం చాలలేదు.

తరవాత జరిగిన ఫోన్ల సంగతి వివరంగా చెప్పుకుంటే మనకూ నీరసం వస్తుంది. పెద్ద కంపెనీవాళ్లు, రద్దు పని పూర్తయితే తప్ప కొత్తది ఇవ్వలేమని, అంతవరకు ఓపిక పట్టమని ఎంతో మర్యాదగా చెప్పారు. లోహిత్ క్లాస్‌మేటు తమవాళ్లు మంగళవారం వస్తారన్నాడు. మిగిలింది కన్నబాబు. అతను మొదట ఫోన్ ఎత్తలేదు. ఎత్తాక అలిగి ఉన్నాడని తెలిసింది.

"ఇప్పుడా బావా సెప్పడం? నువ్వే వద్దన్నావు. లాగిన తీగ దండగైపోతాదని కింద అచ్చియమ్మ గారికి ఇచ్చీసేను. ఇంక ఆవిణ్ణే అడుక్కోండి."

ముగ్గురూ కిందికి దిగారు. అచ్చియమ్మ వాళ్లను కూర్చోబెట్టి తన కొత్త ఇంటర్నెట్టు గురించి గర్వంగా చెప్పింది. చేపలు కొనేవాళ్లకు ఫోన్లో చూపించడానికి పెట్టించుకుందట. రౌటరు ఇంట్లో లేదు, డాబా మీద మెట్ల గదిలో ఉంది, దాని సిగ్నలు మేడ గదుల్లోకి దిగదు. చేపలు పైన ఉంటే నెట్టు కిందెందుకు అని ఆవిడ వాదన. ఆ మాట కాదనడానికి ఆ ముగ్గురిలో ఎవరున్నారు? శాంతికుమార్ తన గోడు వెళ్లబోసుకున్నాడు. ఆవిడ నిజంగానే జాలిపడింది.

"కూకో బాబూ, దానికేటుంది. రేపు పొద్దున్నే మీదికెళ్లి కూకో. సేపలకి గాలి మాత్రం ఆపకు, ముక్కిపోతాయి."

సోమవారం లాప్‌టాప్ పట్టుకుని డాబా ఎక్కిన శాంతికుమార్ గుమ్మంలోనే ఆగిపోయాడు. ప్రాణం పోయిన రెండు వైర్లనూ అచ్చియమ్మ వృథా పోనివ్వలేదు. ఈ చివర నుంచి ఆ చివర దాకా వాటి మీద రిబ్బన్ల లాంటి పొడుగాటి సావళ్ల చేపలు వేలాడుతున్నాయి, ఎండకు వెండిలా మెరుస్తున్నాయి. రౌటరు దీపం మాత్రం పచ్చగా ఉంది. అతను ఇస్త్రీ చొక్కా సర్దుకుని మెట్ల గది గుమ్మంలో కుర్చీ వేసుకున్నాడు. వీపు వెనక చేపలు కనబడకుండా ఒక దుప్పటి తెచ్చి తలుపు పై గొళ్లేలకు కట్టాడు.

పది గంటలకు మీటింగు మొదలైంది. మహేశ్వరరావు గారు పాత క్లెయిముల గురించి అడిగారు, శాంతికుమార్ చెప్పాడు. ముఖం ఆగలేదు, మాట తెగలేదు. తన అంకెలు తాను చదువుతుంటే అతనికి ఏడుపు వచ్చినంత సంతోషం కలిగింది. ఇంక బస్సు లేదు, కమ్మీ పట్టుకుని వేలాడడం లేదు. సరిగ్గా అప్పుడే మెట్లెక్కి వచ్చిన అచ్చియమ్మకు గాలికి అడ్డంగా ఉన్న దుప్పటి కనబడింది. సెప్పేను కదా బాబూ అంటూ ఒక్క గుంజు గుంజింది.

తెర మీద ఆఫీసు మొత్తానికీ చేపలు కనబడ్డాయి.

"శాంతికుమార్, నీ వెనకాల ఏమిటవి?" అన్నారు మేనేజరు గారు.

"సార్, అవి... ఇంటావిడవి సార్." ఇంక అయిపోయిందనుకున్నాడు.

మహేశ్వరరావు గారు కళ్లజోడు సవరించుకుని తెరకు దగ్గరగా వచ్చారు. "సావళ్లు కదూ? కాస్త పక్కకు జరుగు, కనబడడం లేదు."

శాంతికుమార్ పక్కకు జరిగాడు. ఆ ఖాళీలోకి అచ్చియమ్మ వచ్చి కూర్చుంది. కొనేవాళ్లు వీడియోలో వస్తారని ఆవిడకు తెలుసు కనుక ఆశ్చర్యపోలేదు. పూడిమడక సరుకని, ఉప్పు సమంగా పట్టిందని చెప్పి, ఒక చేపను లాప్‌టాప్‌కు దగ్గరగా పెట్టి తిప్పి చూపించింది. ఆరేళ్లుగా మీటింగుల్లో కెమెరా తెరవని అకౌంట్స్ వాళ్లు కూడా ఒక్కొక్కరే ముఖాలు చూపించారు. క్లెయిముల మాట ఎవరికీ గుర్తు రాలేదు. ఎవరికి ఎన్ని కావాలో తేలడానికి మధ్యాహ్నం అయింది, అంతసేపూ నెట్టు ఒక్కసారి కూడా ఆగలేదు.

ఆఖర్న మేనేజరు గారు శాంతికుమార్‌ను పిలవమన్నారు. నెట్టు బ్రహ్మాండంగా ఉందనీ, ఇక నిశ్చింతగా ఇంటి నుంచే పని చేసుకోవచ్చనీ చెప్పారు. అతను చేతులు జోడించాడు.

"రేపు వచ్చేటప్పుడు ఆ చేపలు పట్టుకొచ్చేయ్."

"రేపట్నుంచి ఇంటి నుంచే కద్సార్?"

"పని ఇంటి నుంచే చేసుకోవయ్యా, ఎవరొద్దన్నారు? చేపలు ఇచ్చేసి వెళ్లిపో."

కాదనడం ఎలాగో ఆరేళ్లలో నేర్చుకోలేదు, ఆ ఒక్క నిమిషంలో ఎలా వస్తుంది? శాంతికుమార్ తలూపాడు. పక్కనుంచి అచ్చియమ్మ, ఆటో వచ్చినప్పుడల్లా బాబు తెచ్చి ఇస్తాడని అందరికీ మాట ఇచ్చేసింది.

మంగళవారం పొద్దున్న రెండు గోనెసంచుల ఎండుచేపలతో, వాటి వాసనతో అతను విశాఖ బస్సెక్కాడు. ఆరేళ్లలో మొదటిసారి కిటికీ పక్క సీటు దొరికింది, దాని పక్క సీట్లు కూడా.